తొవ్వ తప్పడం కూడా నేర్పండి

తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ (టామ్‌కామ్) ఉన్నతాధికారులకు,
మల్లేపల్లి, హైదరాబాద్.



2024 ఆగస్టులో సౌదీ నుంచి వచ్చిన ఒక వార్త మీరు మరిచిపోయి ఉండరు. టెలికాం టవర్ల పనిలో ఉన్న కరీంనగర్ యువకుడు, ఇరవై ఏడేళ్లవాడు, సూడాన్ దేశపు తోటి పనివాడితో కలిసి బండిలో రుబ్ అల్ ఖాలీ ఎడారిలోకి వెళ్లాడు. జీపీఎస్ సిగ్నల్ పోయింది. తొవ్వ తప్పింది. బండిలో ఇంధనం, ఫోన్లలో ఛార్జింగ్ రెండూ అయిపోయాయి. కొన్ని రోజులకు బండి పక్కనే, నమాజు చాపల మీద, ఇద్దరి శవాలు దొరికాయి. ఆ ఎడారి దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. మన రాష్ట్రం లాంటివి ఆరు దాకా పడతాయి అందులో.

కమ్మర్‌పల్లి, మోర్తాడ్, బాల్కొండ, భీమ్‌గల్‌లలో గల్ఫ్ చూసి వచ్చిన మనిషి లేని వాడకట్టు ఉండదు. అలాంటి వార్త వచ్చినప్పుడు మా దగ్గర ఎవరూ ‘అయ్యో’ అని ఊరుకోరు. ఏ కంపెనీ, ఏ రోడ్డు, బండిలో నీళ్లెన్ని, ఒక్క బండే ఎందుకు పోయింది అని అడుగుతారు. నేనూ గల్ఫ్‌లో సర్వే పార్టీలో హెల్పర్‌గా చేసినవాణ్ణే. ప్రిజం కర్ర పట్టుకుని సర్వేయర్ చూపిన చోట నిలబడడం నా కొలువు. మీతో చెప్పదలచిన మాట ఒకటే. విమానం ఎక్కేలోపు మా పిల్లలకు నేల మీద దిక్కు పట్టుకోవడం నేర్పండి. తరగతి గదిలో చెప్పి వదిలేయకండి, నడిపించి నేర్పండి.

వెళ్లేవాళ్ల కోసం విదేశాంగ శాఖ పెట్టిన శిక్షణ ఒక రోజుది. పాస్‌పోర్టు, కాంట్రాక్టు, బీమా, అక్కడి చట్టం, ఎంబసీ నంబరు ఇవన్నీ కావలసినవే, ఏదీ తీసెయ్యమనను. ఆ ఒక్క రోజులో కుర్చీలో కూర్చోబెట్టి ఎవరికీ తొవ్వ పట్టుకోవడం రాదు. మీరేమో సర్కారు కంపెనీ, మనుషులను పంపే లైసెన్సు ఉన్నవాళ్లు. ప్రైవేటు ఏజెంటు చెయ్యని పని మీరు చెయ్యగలరు.

ఈ శిక్షణ ఎవరికన్న ప్రశ్న ముందే వస్తుంది. షాపింగ్ మాల్‌లో పని దొరికినవాడికి అక్కరలేదు. డ్రైవర్లకు, టవర్, పైపులైను, సర్వే పనులకు పోయేవాళ్లకు కావాలి. ఏ పనికని పోతున్నామో రూఢిగా తెలియనివాళ్లకు ఇంకా కావాలి. అదే 2024లో ముథోల్ దిక్కు మనిషి ఒకాయన ఇంటి పని అనుకుని కువైట్ పోయి, ఎడారిలో ఒంటెలు కాస్తూ చిక్కుకున్నాడు. వీసాలో ఒక పని, అక్కడ ఒక పని అన్నది మా దగ్గర కొత్త కథ కాదు. ఇంటి పనికి పోయే అక్కచెల్లెళ్ల సంగతి వేరు. వాళ్లకు కావలసింది పట్నంలో తాము ఉన్న పేట పేరు, వీధి నంబరు చెప్పగలగడం, ఎంబసీ దాకా చేరగలగడం. దానికి వేరే పాఠం పెట్టాలి. ఈ లేఖలో రెండూ కలిపి పలచన చెయ్యను.

మనిషి ఎట్లా దారి తప్పుతాడో చూశాకే శిక్షణ తయారు చెయ్యాలి. ఎడారిలో పనికి పోయినవాణ్ణి అడిగితే వరస దాదాపు ఒకటే చెప్తాడు. తారు రోడ్డు దిగిన చోటు ఏమిటో చూసుకోడు, ఫోన్‌లో బాణం ముందుకు చూపుతుంటుంది కదా. ఇసుకలో టైర్ల జాడలు రెండుగా చీలుతాయి, మూడుగా చీలుతాయి. ఏదో ఒకటి పడతాడు. కొంత దూరం పోయాక మనసులో అనుమానం మొదలవుతుంది. ప్రాణాలు పోయేదీ నిలిచేదీ ఇక్కడే. అనుమానం వచ్చిన తర్వాత కూడా ‘ఇంకొంచెం పోతే వస్తది’ అనుకుంటూ పోయిన కిలోమీటర్లే మనిషిని ముంచుతాయి. అప్పటిదాకా పోయినంత దూరం వాపస్ వస్తే రోడ్డు దొరుకుతుంది. ఆ తర్వాత దొరకదు.

కాబట్టి మీరు నేర్పవలసిన మొదటి విద్య పటం చదవడం కాదు, ఆగడం. అనుమానం వచ్చిన క్షణాన్ని గుర్తు పట్టి, బండి ఆపి, మీటరు రీడింగు చూసి, వెనక్కి తిరగడం. మన బడి పరీక్షలన్నీ చివరిదాకా పోయినవాడికే మార్కులు వేస్తాయి. ఇక్కడ మార్కులు తిరగబడాలి. గుర్తు దొరకక వాపస్ వచ్చి ‘నాకు తెలుస్తలేదు’ అన్నవాడికి పూర్తి మార్కులు. గుడ్డిగా పోయి అదృష్టం కొద్దీ గుర్తు దొరికించుకున్నవాడికి సగం. ఈ ఒక్క లెక్క మార్చకుండా మిగతా శిక్షణ ఎంత బాగా చేసినా, పరుగెత్తేవాళ్లను తయారు చేసి పంపినట్టే అవుతుంది.

రెండోది, ఫోన్. మొదటి రోజే అన్ని ఫోన్లూ ఒక గంపలో వేయించి చివరి రోజు తిరిగి ఇవ్వండి. ఫోన్ మీద నాకు పగ లేదు, దాని గురించి తర్వాత రాస్తాను. అది చేతిలో ఉంటే కన్ను నేల చూడదు, అంతే.

ఫోన్ లేని మనిషి నేరుగా నడుస్తాననే అనుకుంటాడు. నడవడు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో మాక్స్‌ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొంతమందిని జర్మనీలోనే ఒక అడవిలోనూ, ట్యునీషియాలో సహారా ఎడారిలోనూ నేరుగా నడవమని వదిలి, వాళ్ల జాడ జీపీఎస్‌తో పట్టారు. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. సూర్యుడో చంద్రుడో కనబడినంతసేపు చాలావరకు నేరుగానే పోయారు. మబ్బు పట్టగానే తాము నేరుగా పోతున్నామనుకుంటూనే గుండ్రంగా తిరిగి, పాత జాడనే మళ్లీ దాటారు. కళ్లకు గంతలు కడితే ఇరవై మీటర్ల వెడల్పు చుట్టులో కూడా తిరిగారు. ఇది చెప్పి నమ్మించనక్కరలేదు. భీమ్‌గల్ హైస్కూలు గ్రౌండులో పిల్లవాడికి టవల్ కట్టి ‘ఆ గోలుపోస్టు దాకా పో’ అనండి. వాడు ఎటు పోయాడో టవల్ విప్పాక వాడే చూస్తాడు. శిక్షణ మొత్తంలో అందరూ నవ్వే పాఠం ఇదే కావచ్చు, జీవితాంతం గుర్తుండేదీ ఇదే.

తర్వాత దూరం. దీనికి మన దేశంలోనే ఒక గొప్ప శిక్షణ ఉంది, నూట అరవై ఏళ్ల కిందటిది. 1863 నుంచి బ్రిటిష్ సర్వే అధికారి మాంట్‌గోమరీ కుమావూన్ కొండల నుంచి నైన్ సింగ్ రావత్ వంటి వాళ్లను తెచ్చి డెహ్రాడూన్‌లో తయారు చేయించాడు. విదేశీయులకు తలుపులు మూసిన టిబెట్‌ను కొలవడానికి. ఎక్కుడైనా దిగుడైనా, నేల ఎట్లా ఉన్నా అంగ కొలత మారకుండా నడవడం సాధన చేయించారు. మైలుకు రెండు వేల అంగలు. చేతిలో జపమాల, నూట ఎనిమిది పూసలు ఉండాల్సిన చోట నూరే. నూరు అంగలకొక పూస జరపాలి, మాల ఒక చుట్టు పూర్తయితే అయిదు మైళ్లు. ప్రార్థన చక్రంలో పటం రాతలు దాచారు. నైన్ సింగ్ 1865లో బయలుదేరి లాసా దాకా అట్లా లెక్కపెట్టుకుంటూనే పోయాడు. ఆయన గొప్పతనం అందరూ చెప్తారు. నాకు గొప్పగా కనిపించేది ఆ శిక్షణ పద్ధతి. సామానులో ఖరీదైనది ఏదీ లేదు. పెద్ద చదువు అడగలేదు. శరీరాన్నే కొలబద్దగా మార్చి, దాన్ని అలవాటు అయ్యేదాకా రుద్దారు.

మన పిల్లలకు అంత అక్కరలేదు. నూరు మీటర్లకు తమవి ఎన్ని అంగలో ఒక్కొక్కరూ తెలుసుకుంటే చాలు. మనిషికీ మనిషికీ అది వేరు, గట్టి నేల మీద ఒకటి, ఇసుకలో ఇంకొకటి. రెండు చోట్లా కొలిపించాలి. బండిలో పోయేవాడికి మీటరే జపమాల. రోడ్డు దిగిన చోట రీడింగు, ప్రతి మలుపు దగ్గర రీడింగు, దిక్కు. ఈ రెండూ రాసే చిన్న పుస్తకం, ఒక పెన్సిలు. రాయడం రానివాడు కాగితం మీద గీత గీసి అంకెలు వేసుకోగలడు.

దిక్కుల దగ్గర ఒక చిక్కు ఉంది, హైదరాబాద్‌లో కూర్చుని పాఠం రాసేవాళ్లకు అది తట్టకపోవచ్చు. ‘నడి మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపుతుంది’ అని స్కౌట్ పుస్తకాల్లో ఉంటుంది. రియాద్, దమ్మామ్, దోహా, కువైట్‌లలో ఏడాది పొడుగునా అది నిజమే, ఆ ఊళ్లు కర్కట రేఖకు ఉత్తరాన ఉన్నాయి. భీమ్‌గల్ ఉన్నది 18.7 డిగ్రీల అక్షాంశం మీద. మే మధ్య నుంచి జూలై చివరిదాకా ఇక్కడ సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా పోతాడు, ఆ రోజుల్లో నడి మధ్యాహ్నపు నీడ జానెడు కూడా లేకుండా దక్షిణం వైపు పడుతుంది. జూన్‌లో శిక్షణ పెట్టి ఈ సూత్రం కళ్లారా చూపిస్తామంటే, పిల్లవాడు చూసేది తలకిందులు. కర్ర పాతి నీడ కొన మీద రాయి పెట్టి, పావుగంట ఆగి కొత్త కొన మీద ఇంకో రాయి పెడితే మాత్రం మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఇది ఇక్కడా అక్కడా పనిచేస్తుంది. అదే నేర్పండి.

రాత్రికి ధ్రువ నక్షత్రం. అది ఆకాశంలో ఎంత ఎత్తున ఉంటుందన్నది మనం నిలబడిన అక్షాంశాన్ని బట్టి. చెయ్యి చాచి పిడికిలి పడితే అడ్డంగా దాదాపు పది డిగ్రీలు. భీమ్‌గల్‌లో అది రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో, తరచూ గుట్టల మాటున, చింత చెట్ల మాటున ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చూడకుండానే పెరుగుతాం. రియాద్‌లో రెండున్నర పిడికిళ్లు, కువైట్‌లో దాదాపు మూడు. ‘ఇక్కడ ఇంత, అక్కడ ఇంత’ అని చేత్తో చూపి పంపితే, అక్కడి ఆకాశం కొంత తెలిసినదై ఉంటుంది. పట్నంలో అయితే మసీదులో మిహ్రాబ్ మక్కా వైపు ఉంటుంది, కువైట్, దమ్మామ్‌లలో అది నైరుతి. రియాద్ మేడల మీది డిష్‌లు చాలావరకు నైరుతి, పడమరలకే చూస్తుంటాయి, మన ఊళ్లో డిష్‌లు దక్షిణం, ఆగ్నేయం వైపు చూసినట్టు. ఇవన్నీ పాత కాపులకు తెలిసిన సంగతులే, పుస్తకంలోకి ఎక్కలేదు.

దిక్సూచి కూడా ఇవ్వండి, కానీ ఎక్కువ గణితం వద్దు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మా దగ్గర తేడా చాలా స్వల్పం, గల్ఫ్‌లోనూ కొద్ది డిగ్రీలే. ఆ సవరణ లెక్కలతో మొదటి పూటే పిల్లల్ని భయపెట్టకండి. చెప్పవలసింది వేరే ఉంది, బండికి ఆనుకుని దిక్సూచి చూడొద్దు, ఇనుము దాన్ని లాగుతుంది. దూరంగా నడిచి చూడాలి. అయిదు డిగ్రీలు పక్కకు పోతే కిలోమీటరుకు దాదాపు తొంభై మీటర్లు తప్పుతామని తాడుతో చూపిస్తే చాలు.

ఇక నేల. అడవీ గుట్టలూ ఉన్న భీమ్‌గల్‌లో ఎడారికి ఎట్లా తయారు చేస్తారని మీరు అడగవచ్చు. రెండు రకాల నేలా మా దగ్గరే ఉంది. మొదట గుర్తులు నిండుగా ఉన్న నేల. లింబాద్రి గుట్ట, కప్పలవాగు, సిరికొండ దిక్కు అడవి అంచు. ఇక్కడి నుంచి ఉత్తరం పట్టి నడిచేవాడు వరద కాలువకో, 63వ నంబరు జాతీయ రహదారికో, పెద్దపల్లి రైలు పట్టాలకో తగలక తప్పదు. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఇది 56 జె షీటు కిందికి వస్తుంది. కొత్త వరస పటాలు వాళ్ల పోర్టల్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. మొదటి రోజు గుట్టనూ, పటంలో గుట్ట గీతలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది.

రెండో నేల శ్రీరాంసాగర్ శిఖం. ఎండాకాలం నీళ్లు తగ్గినకొద్దీ నందిపేట, బాల్కొండ వైపుల మైళ్ల కొద్దీ చదును నేల బయటపడుతుంది. చెట్టు లేదు, గట్టు లేదు, ఎండలో దూరం వణుకుతుంటుంది. పొద్దున నడిచిన జాడను మధ్యాహ్నం గాలి తుడిచేస్తుంది. నిజామాబాద్ జిల్లాలో ఎడారికి ఇంతకంటే దగ్గరి నేల లేదు. గుట్ట మీద నేర్చిన పిల్లవాడు ఇక్కడికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడిపోతే, అప్పుడు అంగల లెక్కా నీడా ఎందుకో వాడికి తెలుస్తుంది. ఆసరాలు ఒక్కొక్కటే తీసేయడమే ఈ శిక్షణలో అసలు కిటుకు. మొదట గురువు పక్కన నడుస్తాడు, తర్వాత వెనక నడుస్తాడు, తర్వాత కనబడనంత దూరంలో ఉంటాడు. మొదట గుర్తులు దగ్గర దగ్గరగా, చివరికి కిలోమీటరుకు ఒకటి. నీళ్లు, విజిలు, పక్కన తిరిగే మోటారు సైకిలు ఎప్పుడూ ఉండాలి, అందులో రాజీ లేదు.

అడుగు వేసే ముందు తొవ్వ నోటితో చెప్పించండి. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం పాతిక వేల వీధులు నేర్చుకుని, పరీక్షకుని ముందు కూర్చుని, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఏ వీధిలోంచి ఏ వీధిలోకో పటం లేకుండా వరసగా చెప్పాలి. చదువు తక్కువ ఉన్నవాడికి రాత పరీక్ష కంటే ఇదే న్యాయం. ‘వాగు ఎడమ చేతికి ఉండాలె, నాలుగు వందల అంగలకు కల్వర్టు రావాలె, కాలువ తగిలిందంటే నేను ఎక్కువ పోయినట్టు.’ ఆఖరి ముక్క చెప్పనివాణ్ణి నడవనివ్వకండి. ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకున్నవాడు తప్పినా ఎక్కువ దూరం తప్పడు.

గుర్తు దగ్గర మనిషిని కూర్చోబెట్టి ‘తప్పు, తప్పు’ అని అరిపించొద్దు. 1919లో స్టాక్‌హోమ్ దగ్గర మేజర్ కిల్లాండర్ పెద్ద ఎత్తున మొదలుపెట్టిన, పటం పట్టుకుని గుర్తులు వెతికే ఓరియంటీరింగ్ ఆటలో వాడుతూ వచ్చిన ఒక ఉపాయం చవకైనది. ప్రతి గుర్తు దగ్గరా ఒక చిన్న పంచింగు మిషను, ఒక్కోదాని సూదుల వరస ఒక్కో తీరు. ఆటగాడు తన కాగితం మీద పొడిపించుకుని వస్తాడు. సరైన చోటికే పోయాడా లేదా అన్నది కాగితం మీది బొక్కలే చెప్తాయి. అక్షరాలు అక్కరలేదు. ఎవరి ముందూ సిగ్గుపడే పని లేదు. గల్ఫ్ వీసా చేతికి వచ్చిన ముప్పై ఏళ్ల మనిషికి సిగ్గు ఎంత పెద్ద అడ్డో నాకు తెలుసు.

నేర్పేవాళ్లు ఎవరంటే, దయచేసి ప్రొజెక్టరు తెచ్చేవాళ్లను పంపకండి. ఎడారిలో పని చేసి వాపస్ వచ్చిన డ్రైవర్లు మా మండలంలోనే ఉన్నారు, చాలామంది పనిలేక ఉన్నారు. మందలు తోలుకుని ఏడాదిలో సగం రోజులు బయటే పడుకునే గొల్లలు, తునికాకుకు అడవి ఎక్కే తండా మనుషులు, ఫారెస్టు బీట్ ఉద్యోగులు ఉన్నారు. వీళ్లకు తెలిసింది చాలా ఉంది, తెలిసినదాన్ని ముక్కలు చేసి వరసగా చెప్పడం మాత్రం అలవాటు లేదు. ఆ ముక్కలు చేసే పనిని మీ అధికారులు, ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగు నేర్పిన మాస్టర్లు వీళ్ల పక్కన కూర్చుని చెయ్యాలి. కూలి కూడా ఇవ్వాలి. ఊరికే వచ్చి చెప్పమంటే రెండో బ్యాచ్‌కు ఎవరూ రారు. తెలుగుతోపాటు మా ఉర్దూలోనూ నడవాలి పాఠం. షమాల్, జనూబ్, షర్క్, గర్బ్ అని నాలుగు దిక్కుల పేర్లూ అరబ్బీలో నోటికి రావాలి.

చివరి రోజు ఫోన్లు తిరిగి ఇవ్వండి. ఇప్పుడు అది బాణం చూపే పెట్టె కాదు, అన్నిటిలో ఒక పనిముట్టు. నెట్ లేకుండా పనిచేసే పటం ముందే దించుకోవడం, బ్యాటరీ కాపాడుకోవడం, అన్నిటికంటే ముఖ్యం, తానున్న చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఫోన్‌లో స్పష్టంగా చదివి వినిపించడం. అవతలివాడు ఆ అంకెలు రాసుకుని గుర్తు దగ్గరికి రాగలిగితేనే పాస్. కువైట్‌లో 112, ఖతార్‌లో 999, ఒమన్‌లో 9999 అని నంబర్ల కార్డు ఇవ్వడం సులువు. ఆ నంబరుకు ఫోన్ చేసి ఏం చెప్పాలో సాధన చేయించడమే కష్టం. దారి పూర్తిగా తప్పినప్పుడు బండిని వదిలి నడవొద్దన్న మాట కూడా ఇక్కడే, దాని నీడలో కూర్చోబెట్టి చెప్పండి. ఆకాశం నుంచి వెతికేవాళ్లకు మనిషి కనబడడు, బండి కనబడుతుంది.

ఇంత రాశాక ఒక సంగతి దాచకూడదు. కరీంనగర్ పిల్లవాడికి ఇవన్నీ వచ్చి ఉంటే బతికేవాడని నేను అనను. ఆయన బండి వదలలేదు. వెతికేవాళ్లే సకాలంలో చేరలేదు. తొవ్వ తెలిసిన మనిషినైనా ఒక్క బండిలో, శాటిలైట్ ఫోన్ లేకుండా, ఎన్నింటికి వాపస్ రావాలో ఎవరూ రాసి పెట్టుకోకుండా ఎడారిలోకి పంపితే, ఆ తప్పు పంపినవాళ్లది. ‘మీవాళ్లకు శిక్షణ అయింది కదా’ అని రేపు ఏ కంపెనీ అయినా అంటే, ఈ లేఖ రాసినందుకు నేనే బాధపడవలసి వస్తుంది. అందుకని శిక్షణతోపాటు మీ కాంట్రాక్టు కాగితంలో మూడు వాక్యాలు చేర్చండి. ఎడారి పనికి రెండు బండ్లు కలిసే పోవాలి. సిగ్నల్ లేని చోటికి శాటిలైట్ పరికరం ఇవ్వాలి. చెప్పిన గంటకు మనిషి వాపస్ రాకపోతే ఎవరు, ఎన్ని గంటల్లోపు వెతకడం మొదలుపెట్టాలో పేరుతో సహా రాయాలి. ఒప్పుకోని యజమానికి మీరు మనిషిని పంపకపోతే ఆయన ప్రైవేటు ఏజెంటు దగ్గరికి పోతాడని నాకూ తెలుసు. కానీ సర్కారు కంపెనీ ఒక మాట కాగితం మీద పెడితే, ఏజెంటు దగ్గర సంతకం పెట్టే పిల్లవాడు కూడా ‘ఆ మూడు వాక్యాలు ఏవి?’ అని అడగగలుగుతాడు.

ఖర్చు గురించి మీ ఫైలులో ప్రశ్న వస్తుంది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ సాయం ఆగకూడదు. నేను అడిగేదానికి కావలసింది మూడు రోజులు, కొన్ని దిక్సూచులు, పంచింగు మిషన్లు, తాళ్లు, నీళ్ల డ్రమ్ములు, నేర్పేవాళ్ల కూలి. నేల మాదే.

మొదటి బ్యాచ్‌ను ఏప్రిల్‌లో పెట్టండి. శిఖం అప్పటికి బాగా బయటపడుతుంది, నడి మధ్యాహ్నపు నీడ ఇంకా ఉత్తరానికే ఉంటుంది, వరద వచ్చి ఆ నేల మళ్లీ మునిగేలోపు మరో రెండు బ్యాచ్‌లు కూడా అవుతాయి. జూన్‌లో పెట్టే బ్యాచ్‌కు మాత్రం రెండు రాళ్ల పద్ధతే. మీ మనుషులు వచ్చి నేల చూస్తామంటే శిఖం దాకా తీసుకుపోవడానికి నేనూ, ఇంకో ఇద్దరు పాత డ్రైవర్లూ సిద్ధంగా ఉన్నాం. పొద్దున ఆరింటికల్లా రమ్మనండి, పది దాటితే అక్కడ నిలబడడం కష్టం.

ఇట్లు,
గల్ఫ్ నుంచి వాపస్ వచ్చిన ఒక సర్వే హెల్పర్,
భీమ్‌గల్, నిజామాబాద్ జిల్లా.